మొదటి గడిలో ఎవరి పేరు

అయ్యో మాస్టారూ, మళ్ళీనా! నేనిచ్చింది రిపోర్టు, మీరు తిరిగిస్తున్నది ఎర్ర సిరా సీసా! ఇందులో నా రాత ఎక్కడుందో వెతకడానికి ఒక మనిషిని పెట్టుకోవాలి.

నాలుగోసారి అండీ. నాలుగోసారి! ఫ్రిజ్ కంప్రెసరైనా ఇన్నిసార్లు విప్పి బిగిస్తే 'నన్నొదిలెయ్ నాయనా' అని చేతులెత్తేస్తుంది.

కూర్చుంటాను, కూర్చుంటాను. ముందు ఈ కుర్చీలో ఫైళ్ళు ఎక్కడ పెట్టమంటారు? కిటికీలోనా? సరే. అబ్బో, బరువే! ఇదెవరిది, ప్లంబరుదా? ఇది నర్సమ్మది. ఇది వడ్రంగిది. అందరికీ ఇంతే ఎరుపా, లేక నా మీద ప్రత్యేకమైన ప్రేమా?

మా ఆవిడా? కింద స్కూటర్ దగ్గరుంది. ఎవరో ఫోన్ చేశారు, వాళ్ళ డీప్ ఫ్రీజర్ మూలుగుతోందట. "మీరు పైకి పదండి, నేనొస్తా" అంది. వస్తుంది లెండి. ఈలోగా మీరూ నేనూ ఒక మాట తేల్చుకోవాలి.

తెలీక అడుగుతాను. పదకొండేళ్ళుగా ఫ్రిజ్‌లూ ఏసీలూ కోల్డ్ రూములూ బాగుచేస్తున్నవాణ్ణి. వీసా ఇచ్చే ఆ దేశం వాళ్ళకి పనిచేసే మనిషి కావాలి, నాకు ఆ దేశం వెళ్ళాలనుంది. మధ్యలో ఈ రిపోర్టేంటి? నీకు పనొచ్చని నువ్వే రాయి, సాక్ష్యం కూడా నువ్వే తెచ్చుకో, నమ్మాలో వద్దో మేం చూసుకుంటాం అంటారా? ఇదెక్కడి వరసండీ!

ఆఁ, తెలుసు. "వాళ్ళకి నువ్వు తెలీదు, కాగితమే తెలుసు." ఈ మాట గోడకి రాయించండి మాస్టారూ, వచ్చినవాళ్ళందరికీ చెప్పే శ్రమ తప్పుతుంది.

మొదటిసారి తప్పు నాదే, ఎన్నిసార్లు ఒప్పుకోమంటారు? మా బట్టతల మిత్రుడు ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసి అక్కడికి వెళ్ళాడు కదా. పాసైన రిపోర్టు కంటే మంచి రిపోర్టు ఎక్కడుంటుంది అనుకుని, వాడిది తెప్పించి, పేరు మార్చి దించేశాను. పేరొక్కటే మార్చాను. వాడి అమ్మోనియా ప్లాంటు అలాగే ఉండిపోయింది. నేనేమో పుట్టి బుద్ధెరిగి అమ్మోనియా ముట్టుకోలేదు!

వాళ్ళు ఫోన్లో వీడియో పెట్టి కూర్చోబెట్టారు. "మీ ప్లాంటులో అమ్మోనియా ఎంత పడుతుంది?" అన్నాడు కళ్ళజోడాయన. ఏం చెప్పను? "సరిపడా వేస్తాం సార్" అన్నాను. కూరలో ఉప్పు గురించి చెప్పినట్టు!

నవ్వండి, నవ్వండి. ఆయన కూడా నవ్వాడు. నవ్వి, వారం తిరక్కుండా తిరస్కరించాడు.

అందుకేగా మీ దగ్గరికొచ్చింది. ట్రైనింగ్ స్కూల్లో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, కాగితం చూసి రోగం చెప్తారు అన్నారు. ఈసారీ కాదంటే మూడేళ్ళదాకా తలుపు మూసేస్తారని మీరే చెప్పారు. మూడేళ్ళు పోతే వీసా లెక్కలో మా వయసుకి వచ్చే పాయింట్లు హుళక్కి. అంటే ఇదే ఆఖరి బేరం. అది మర్చిపోయి నవ్వుతున్నాననుకోకండి. భయమేసినప్పుడు నాకు నోరు ఎక్కువ ఆడుతుంది. మా ఆవిడ చెప్తుంది ఆ సంగతి.

మీరు చెప్పిందంతా విన్నానా లేదా? దించొద్దన్నారు, మానేశాను. "చాలా బాగా, ఎంతో నైపుణ్యంతో" లాంటి మాటలొద్దన్నారు, పీకేశాను. తేదీలు కలవాలన్నారు. ఒకే రోజు రెండు ఊళ్ళలో పనిచేసినట్టుందంటే, అది నిజంగా తప్పు, దిద్దాను. మధ్యలో ఏడు నెలలు ఖాళీ ఎందుకని అడిగారు. కాలు విరిగి మంచాన పడ్డానని రాశాను. "దాచకు, దాస్తే కుళ్ళుతుంది" అన్నారు కదా, డాక్టరు చీటీ కూడా జత చేశాను.

ఇంకేం మిగిలింది చెప్పండి?

ఉత్తరమా? మామగారి ఉత్తరం గురించి నన్నడక్కండి మాస్టారూ! ఆయన దుకాణం యజమాని, నేను ఆయన దగ్గర పనివాణ్ణి, తర్వాత ఆయన అల్లుణ్ణి. మూడు వారాలు తిరిగాను ఆ ఉత్తరం కోసం. "మామగారూ, నేనేం పని చేస్తానో రాయండి చాలు" అన్నాను. ఆయన రెండు పేజీలు రాశారు. "ఇతడు ఉత్తముడు. ఎదురు మాట్లాడడు. పొగ తాగడు. పెద్దలంటే గౌరవం. సమయానికి వచ్చును." ఫ్రిజ్ అన్న మాట ఎక్కడైనా ఉందా? లేదు!

"ఇది ఉద్యోగానికి రాసిన ఉత్తరమా, పిల్లనివ్వడానికి రాసిందా" అన్నారు మీరు. పిల్లని ఎప్పుడో ఇచ్చేశారు కదండీ, ఇంకా ఎందుకు పొగుడుతున్నారో నాకూ అర్థం కాలేదు.

మళ్ళీ వెళ్ళాను. మీరు రాసిచ్చిన పనుల పట్టిక ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చదివారు. "రాగి గొట్టాలు అతికించుట" దగ్గర టిక్కు పెట్టారు. "గ్యాస్ నింపుట" టిక్కు. "విడిభాగాలు మార్చుట" టిక్కు. "లోపమును స్వయంగా కనిపెట్టుట" దగ్గర పెన్ను ఆగింది. కాసేపు నా మొహం చూశారు. పెన్ను మూత పెట్టేసి, "అల్లుడూ, మంచినీళ్ళు తాగుతావా?" అన్నారు.

తాగాను. ఏం చేయను!

అదొకటా? పైగా దుకాణం జీతాల రిజిస్టరు. పదకొండేళ్ళ క్రితం చేరినప్పుడు నా పేరు ఎదురుగా "హెల్పరు" అని రాశారు, అదలాగే ఉంది. రిపోర్టులో నేను "మెకానిక్" అని రాసుకున్నాను. మీరు రెండూ పక్కపక్కన పెట్టి చుట్టూ గీత గీశారు. దుకాణంలో ఉన్నది ముగ్గురం, అక్కడ హోదాలెవరికి కావాలండీ? ఎవరైనా "మెకానిక్కు ఉన్నాడా" అంటే నేనేగా లేచి వెళ్ళేది!

ఆ రిజిస్టరులో మెకానిక్ అని ఉన్నదెవరి పేరు ఎదుటా?

అది... మా ఆవిడ పేరు. నేను చేరకముందు నుంచీ ఉంది లెండి. మామగారు కూతురికి కూడా నెలనెలా బ్యాంకులోనే జీతం వేసేవారు. అదో పద్ధతి ఆయనది. ఆ గొడవ తర్వాత చూద్దాం.

ముందు ఈ ఎర్ర గీతల సంగతి తేల్చండి. మూడు సంఘటనలు రాయమన్నారు. ఏం చెడిపోయింది, ఎలా కనిపెట్టావు, ఏం చేశావు, ఏమైంది. మూడూ రాశాను. మూడింటికీ ఒకే ప్రశ్న వేశారు మీరు: "ఎలా తెలిసింది?" తెలిసింది అంతే! మీకు ఆకలేస్తే ఎలా తెలుస్తుంది?

సరే, కోప్పడకండి. మొదటి నుంచి చెప్తాను, మీరే రాసుకోండి.

బేకరీ. వాళ్ళ కోల్డ్ రూము చల్లబడటం లేదు. క్రీమంతా జావ అవుతోంది. అప్పటికే ఇంకో మెకానిక్ వచ్చి రెండుసార్లు గ్యాస్ కొట్టి పోయాడు. బేకరీ ఆయన మాకు ఫోన్ చేశాడు. నేను బ్యాగు సర్దుకుంటున్నాను. గ్యాస్ సిలిండరు కూడా ఎత్తుకున్నాను. కౌంటర్లో మా ఆవిడ ఫోన్ తీసింది. "ఫ్యాను తిరుగుతోందా? గాలి వస్తోందా? తిరుగుతోంది గానీ గాలి రావట్లేదా? పొద్దున్న తలుపు తీసేసరికి కింద నీళ్ళున్నాయా? లేవా? ఎన్నాళ్ళనుంచి లేవు?" అని నాలుగడిగింది. ఫోను పెట్టేసి, "సిలిండరు దించెయ్యండి. ఫ్యాను వెనక మంచు గడ్డకట్టి గోడైపోయి ఉంటుంది. మంచు కరిగించే టైమరు పోయింది. టైమరు పట్టుకెళ్ళండి" అంది.

వెళ్ళాను. ఫ్యాను మూత విప్పితే మంచుగోడ! మంచు కరిగించి, టైమరు మార్చాను. గంటన్నరలో గది గడగడా వణికింది. బేకరీ ఆయన నన్ను కావలించుకుని పిండి చేతుల్తో చొక్కా అంతా తెల్లగా చేసేశాడు. "భలే పట్టేశావయ్యా!" అన్నాడు.

చూశారా? రాయండి. లోపం, కారణం, మరమ్మతు, ఫలితం, అన్నీ ఉన్నాయి కదా.

ఎవరు కనిపెట్టారా? మేము. అందుకే "మేము" అని రాశాను. మీరేమో ప్రతి "మేము" చుట్టూ సున్నా చుట్టారు. "నేను అని రాయి, వాళ్ళు మనిషిని చూస్తారు, దుకాణాన్ని కాదు" అంటారు. నాకు నేను నేను అనుకోవడం ఏదోలా ఉంటుందండీ. పెద్దలు అలా నేర్పలేదు.

రెండోది చూడండి. మెడికల్ షాపు ఫ్రిజ్. లోపల ఇన్సులిన్, టీకా మందులు. పాడైతే జనం ప్రాణాల మీదికొస్తుంది. ఆ ఫ్రిజ్ టక్కుమంటుంది, ఆగుతుంది, మళ్ళీ టక్కుమంటుంది. నేను అక్కడే ఉన్నాను ఈసారి. ఎదురుగా నిలబడి ఉన్నాను! ఫోను తీసి మెషీను వెనక పెట్టాను. ఆవిడ అటునుంచి విని, "టక్కుకీ టక్కుకీ మధ్య ఎన్ని సెకన్లు? లెక్కపెట్టండి" అంది. లెక్కపెట్టాను. "కంప్రెసరు బాగానే ఉంది, దాన్ని స్టార్టు చేసే రిలే పోయింది. బ్యాగులో ఎడంవైపు అరలో ఉంది చూడండి, పొద్దున్నే పెట్టాను" అంది.

పొద్దున్నే పెట్టిందండీ! వాళ్ళు ఫోన్ చేసినప్పుడే అనుమానం వచ్చిందన్నమాట. మార్చాను, పదిహేను నిమిషాలు. మెడికల్ షాపాయన "నీ చేతిలో మంత్రం ఉందయ్యా" అన్నాడు.

ఏంటలా చూస్తున్నారు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేనేం తడుముకోవడం లేదు. మెషీను వెనక చెయ్యి పెట్టింది నేను, షాకు కొడితే కొట్టేది నాకు!

మూడోది... మూడోది వదిలేద్దామా? ఇంకోటి రాస్తాను. ఎందుకంటే ఏముంది, తేదీలు సరిగా గుర్తులేవు.

రాశానా? పదో తేదీ గ్యాస్ నింపాను, పదమూడో తేదీ గది చల్లబడింది అని నేనే రాశానా? అబ్బ, మీ కంటికి దణ్ణం. మధ్యలో రెండు రోజులు ఏం జరిగిందంటారు. అదే కదా ఎర్రగా అడిగారు.

పువ్వుల వ్యాపారి గది అది. గులాబీలు కట్టలు కట్టలు. ఆ వారం మా ఆవిడ వాళ్ళ చెల్లెలి కాన్పుకి వెళ్ళింది, ఆస్పత్రిలో ఫోను ఎత్తలేదు. నేనొక్కణ్ణే వెళ్ళాను. చల్లబడటం లేదు, గ్యాస్ కొట్టాను. మర్నాడు మళ్ళీ కొట్టాను. మెషీను పాతదయ్యా అన్నాను, కరెంటు తక్కువొస్తోంది అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఇంకా చాలా అన్నాను. గులాబీలన్నీ తలలు వేలాడేశాయి. ఆ వ్యాపారి వాడిపోయిన కట్టలు ఒక్కొక్కటీ తీసి బయట వేస్తూ కూర్చున్నాడు. అరిచినా బాగుండేది.

నాలుగో రోజు ఆవిడ బస్సు దిగి తిన్నగా అక్కడికే వచ్చింది. సంచీ భుజాన అలాగే ఉంది. లోపలికి కూడా పోలేదు. వెనక్కెళ్ళి చూసి, "ఈ అట్టపెట్టెలు ఇక్కడెవరు పెట్టారు?" అంది. మెషీను వేడిగాలి వదిలే జాలీకి ఆనించి పైకప్పు దాకా ఖాళీ అట్టపెట్టెలు పేర్చారు పనివాళ్ళు. మెషీనుకి ఊపిరాడటం లేదు, అంతే జబ్బు! పెట్టెలు తీసి, నేను ఎక్కువ కొట్టిన గ్యాసు తీయించింది. సాయంత్రానికి గది చల్లబడింది.

నేనేం రాశాను? "పరిశీలించి, సరిచేసి, చల్లదనం పునరుద్ధరించితిని." అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు!

ఒక్క నిమిషం ఉండండి మాస్టారూ. ఇది నాకు ఇప్పుడే తెలిసినట్టు మీరు జాలిగా చూడకండి. ఇవాళ నేనొచ్చింది గీతల మీద పోట్లాడటానికి కాదు. పోట్లాట ఊరికే. నోటికి దారి దొరకాలి కదా.

మొన్న ఆదివారం కాక అంతకుముందు ఆదివారం సంగతి చెప్తాను వినండి.

రిపోర్టు గట్టెక్కినా చివర్లో చేతి పరీక్ష ఉందన్నారు కదా మీరు. గదిలో మూడు చెడిపోయిన మెషీన్లు పెడతారు, గంటన్నర టైము, ఫోను బయట పెట్టాలి. ఇది విని మా ఆవిడ, "ఇంట గెలిచి రచ్చ గెలవాలి, ముందు మన దుకాణంలో పరీక్ష రాయండి" అంది. ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించాం. పాత మెషీన్లు మూడు వరసగా పెట్టింది. నన్ను టీ తాగి రమ్మని పంపి, మూడింటినీ తనే చెడగొట్టింది. నేనొచ్చేసరికి స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చుంది, పరీక్షాధికారి! "మొదలెట్టండి" అంది.

మొదటిదాంట్లో ఒక వైరు ఊడి ఉంది. కంటికి కనిపిస్తోంది. బిగించాను. గెలిచినట్టు మీసం కూడా దువ్వాను.

రెండోది ఆన్ చేశాను. ఏదో బుర్రుమంటోంది. అటు తిరిగాను, ఇటు తిరిగాను, తట్టాను, చెవి పెట్టాను. పావుగంట. చెమటలు. అప్పుడేం చేశానో తెలుసా? ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాను.

"ఏంటి?" అంది.

"ఫోను" అన్నాను.

"ఎవరికి?"

"నీకే" అన్నాను.

ఎదురుగా కూర్చుంది మాస్టారూ! మూడడుగుల దూరంలో! ఆవిడకే ఫోన్ చేద్దామని జేబు తడుముతున్నాను!

ఆవిడ ఎంత నవ్విందంటే స్టూలు మీంచి దిగి షట్టరు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం ఇద్దరం. తర్వాత నాకు నవ్వు ఆగిపోయింది. ఆవిడకి ఇంకా వస్తూనే ఉంది.

మూడోదాంట్లో ఫ్యూజు కాల్చేశాను. అంటే, ఆవిడ పెట్టిన లోపాలు మూడు. నేను కనిపెట్టింది ఒకటి, కొత్తగా కలిపింది ఒకటి. లెక్క సమానం!

నాకు పౌరుషం వచ్చింది. "ఏదీ, నువ్వు చెయ్యి చూద్దాం" అని ఆవిణ్ణి బయటికి పంపి, నా తెలివంతా పెట్టి మూడింటినీ చెడగొట్టాను. చెడగొట్టడం మనకి బాగానే వచ్చులెండి. ఆవిడ వచ్చింది. ఒక్కో మెషీను ముందూ కాసేపు ఊరికే నిలబడి వింటుంది. ఒక కాగితం మీద రెండు ముక్కలు రాసుకుంటుంది. అప్పుడు స్క్రూడ్రైవరు తీస్తుంది. నలభై నిమిషాల్లో మూడూ నడిచాయి. పైగా, "రెండోదాంట్లో గొట్టం దగ్గర సన్నగా లీకుంది, అది మీరు పెట్టింది కాదు, పాతది" అంది.

ఆ లీకు ఆవిడే అతికించబోయింది. హమ్మయ్య, అక్కడ దొరికింది! అతుకు ఎలా పెట్టిందనుకున్నారు, ముద్ద ముద్దగా, చూస్తే జాలేస్తుంది. మంట దగ్గర పెడుతుంది, భయపడి వెనక్కి లాగుతుంది. రాగి గొట్టం అతకడంలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు, అది మామగారు కూడా టిక్కు పెట్టారు. ఆ రోజునుంచీ సాయంత్రం సాయంత్రం నేను మాస్టారు, ఆవిడ స్టూడెంటు. మంట ఎంత సన్నం చెయ్యాలో, గొట్టం ఏ రంగు తిరిగాక కడ్డీ పెట్టాలో చెప్తున్నాను. పన్నెండు రోజులైంది. నిన్న పెట్టిన అతుకు నీళ్ళలో ముంచి చూశాం, ఒక్క బుడగ రాలేదు.

ఇప్పుడు అర్థమైందా నేనెందుకొచ్చానో?

ఈ రిపోర్టు చింపెయ్యండి. మీరు చింపకపోతే నేనే చింపుతా. ఇదిగో. అబ్బ, ఎంత హాయిగా ఉందో! నాలుగుసార్లు రాసిన దానికంటే ఇదే బాగుంది.

కొత్త ఫారం తియ్యండి. మొదటి గడిలో, "ప్రధాన అభ్యర్థి" అని ఉంటుందే, అక్కడ మా ఆవిడ పేరు రాయండి. హోదా మెకానిక్. రిజిస్టరులో అదే ఉంది, బ్యాంకు కాగితాలున్నాయి, పదహారేళ్ళవి. మీకు కావలసిన "ఎలా తెలిసింది" అంతా ఈ సంచీలో ఉంది. కంప్లయింటు పుస్తకాలు. ఎవరు ఫోన్ చేశారు, తనేం అడిగింది, వాళ్ళేం చెప్పారు, ఏమని అనుమానించింది, చివరికి ఏమైంది, అన్నీ తన చేతి రాతే. మూడు సంఘటనలు కాదు, మూడొందలు తీసుకోండి. నా రిపోర్టు కూడా వీటిల్లోంచే దించాను, ఒప్పుకుంటున్నాను. దించడం అలవాటైపోయింది నాకు.

మామగారి ఉత్తరం మళ్ళీ తెచ్చాను. నిన్న వెళ్ళి, "కూతురి పేరు మీద రాయండి" అన్నాను. పావుగంటలో రాసిచ్చారు. ఒక్క పొగడ్త లేదు! పనులు, తేదీలు, మెషీన్ల రకాలు. చదువుతుంటే నాకు ఒకటి తట్టింది. ముందుసారి ఆయనకి రాయడం రాక కాదు. అబద్ధం రాయలేక, అల్లుణ్ణి చిన్నబుచ్చలేక, నా గుణగణాలు రాసుకొచ్చారు పాపం.

ఆవిడకి తెలుసా అంటే, తెలీదు. "మీ పేరు మీదే పెట్టండి, ఎవరి పేరైతేనేం, ఇల్లు కదిలితే చాలు" అంటుంది ఎప్పుడూ. కానీ ఒకరోజు నేను వెనక ఉన్నానని తెలీక ఫోన్లో ఒక వీడియో చూస్తోంది. అక్కడేదో వర్క్‌షాపు, నీలం చొక్కా వేసుకున్న ఒక పెద్దావిడ మెషీను విప్పి పిల్లలకి చూపిస్తోంది. మా ఆవిడ దాన్ని నాలుగుసార్లు చూసింది. వెనక్కి జరిపి, జరిపి చూసింది. నేను దగ్గితే ఫోను బోర్లా పెట్టేసింది.

నాదా? నా పేరు "భర్త" అన్న గడిలో రాయండి. అక్కడ వృత్తి అడుగుతారా? రాగి గొట్టాల అతుకు పని. ఒక్క ముక్క తగ్గించకండి, అది నాది. మా బావమరుదులు ఏమంటారో తెలుసు, పెళ్ళాం కొంగు పట్టుకుని విమానం ఎక్కాడంటారు. అననివ్వండి. విమానం లోపల సీటు ఒకేలా ఉంటుందట కదా!

కష్టంగా లేదా అంటే, ఉంది. లేదని ఎలా చెప్పను? పన్నెండు రోజులు పట్టింది ఈ మెట్లెక్కడానికి.

ఇంకొకటి. ఈ కవరు. తోటి పనివాడి వాంగ్మూలం జత చెయ్యొచ్చన్నారు కదా, అది నేను రాశాను. మొగుడి సంతకం చెల్లదా? తెలుసండీ, నిబంధనల్లో చదివాను. చెల్లదని తెలిసే రాశాను. ఫైల్లో పెట్టొద్దు. మా ఆవిడ వచ్చాక తన చేతికివ్వండి.

నేను ఇవ్వలేను. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి కవరివ్వాలంటే చేతులెలా వస్తాయి?

మెట్ల మీద చప్పుడు... ఆవిడే. నేను వెనక వైపునుంచి కిందకి పోతాను, స్కూటర్ దగ్గర ఉంటాను. తలుపు ఇటే కదా?

ఏం రాశానా? మీరు నేర్పినట్టే రాశాను మాస్టారూ. ఏ రోజు, ఎవరి మెషీను, ఏం జబ్బు, ఎవరు కనిపెట్టారు. నూట పన్నెండు రాసేసరికి చెయ్యి పడిపోయింది. చివర్లో ఒక్క పేరా మాత్రం మీరు నేర్పింది కాదు. జనం దుకాణానికొచ్చి "భలే పట్టేశావయ్యా" అన్నప్పుడల్లా ఆవిడ కౌంటర్ వెనకే, రెండడుగుల దూరంలో ఉండేది. నేను కాదండీ, ఈవిడ అని ఒక్కసారైనా వేలు చూపించలేదు. మరిచిపోయి కాదు. ప్రతిసారీ గుర్తొచ్చేది. గుర్తొచ్చే, ఊరుకున్నాను.